ఒడిచిప్ప

బండి వెళ్ళిన 2వ రోజు

అక్కా,

ముందే చెప్తున్నాను, నా రాత చూసి నవ్వకు. నేను చదివింది మూడు తరగతులే, అవీ సగం రోజులు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. వరుస నిటారుగా మొదలుపెడతాను, చివరికి వచ్చేసరికి కిందికి జారిపోతుంది. జొన్న సంచుల లోపలి కాగితం మీద రాస్తున్నాను, గరుకుగా ఉంది. తప్పులున్న చోట నీకు తోచినట్టు చదువుకో. బండి మళ్ళీ నలభై రోజులకు గానీ రాదు కదా, వీలైనప్పుడల్లా కొంచెం కొంచెం రాసి అన్నీ కలిపి పంపుతాను.

నువ్వు పంపిన తెల్ల ఇసుక అందింది. మీ బట్టీ గుమ్మటంలో గాజు చేసే ఇసుక ఇంత తెల్లగా ఉంటుందంటే ఇక్కడ ఎవరూ నమ్మలేదు. మా మూడో గుమ్మటంలో ఎక్కడ తవ్వినా నల్లరాయే. నీ ఇసుకతో గిన్నెలు తోమితే నీళ్ళు చాలా మిగులుతున్నాయి. అత్తమ్మ గిన్నెలో ముఖం చూసుకొని, "గిన్నేండ్లకు నా ముసలి మొకం నాకు కనవడ్డది. నీ అక్కకు చెప్పు, ఇంత తెల్లగొద్దని" అంది.

సగం ఇసుక గౌరవ్వకు ఇచ్చాను. ఆమె కోళ్ళ అరలో మేతకు గుడ్డు పెంకులు దంచే ముసలామె. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడలేక గోడకు ఆనుకొని నిలబడేదాన్ని. అప్పుడు ఆమె నన్ను చేయి పట్టుకొని కోళ్ళ దగ్గరికి తీసుకుపోయి, "మన్షులతోని మాట్లాడొస్తలేదా? వీటితోని మాట్లాడు, ఇవి ఎదురుమాట్లాడయి" అంది. అలా నాకు ఈ పని దొరికింది.

ముప్పై ఆరు కోళ్ళు, నూట పది మంది మనుషులం. గుడ్లు పిల్లలకు, జబ్బు పడ్డవాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు వంతుల ప్రకారం పోతాయి. పొద్దున దీపాలు వెలగగానే మేత కలుపుతాను. జొన్న నూక ఐదు పాళ్ళు, ఎండబెట్టిన పురుగుల పొడి రెండు పాళ్ళు, తొట్టిలో పెంచిన అజొల్లా నీటి ఆకు ఒక పాలు, కొంచెం ఉప్పు. అన్నిటికన్నా చివర సోల గిన్నెతో కొలిచి ఒక సోల చిప్ప, అంటే దంచిన పెంకులు. ఆరోజు ఏం పెట్టానో, ఎన్ని గుడ్లు వచ్చాయో మేత పుస్తకంలో రాయాలి. అంతకన్నా ఎక్కువ రాసే అవసరం నాకెప్పుడూ రాలేదు.

"జొన్న బలానికి, పురుగు కండకు, ఆకు సొన రంగుకు, చిప్ప గోడకు" అంటుంది గౌరవ్వ. "నాలుగిట్ల ఒక్కటి తక్కువైనా కోడి నోరిప్పి చెప్పదు పిల్లా. గుడ్డు చెప్తది."


బండి వెళ్ళిన 6వ రోజు

ఈరోజు పెంకుల రోజు. మీ దగ్గర కోళ్ళు లేవు కాబట్టి నీకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడి రాళ్ళలో సున్నం లేదు. తాతలు వచ్చిన ఓడలో భూమి మీది సముద్రపు చిప్పలు నలభై సంచులు తెచ్చారట. ఇప్పుడు రెండున్నర సంచులు మిగిలాయి. అందుకే గుడ్డు తిన్న ప్రతి ఇల్లూ పెంకు తిరిగి ఇవ్వాలి. అది కడిగి, ఎండబెట్టి, దంచి, కొంచెం చిప్ప ముక్కలు కలిపి మళ్ళీ కోళ్ళకే పెడతాం. పెంకు ఇవ్వని ఇంటికి మళ్ళీ గుడ్డు పోదు.

ఒక ఇంట్లో తల్లి బతిమాలింది. "మా పిల్ల పెంకు మీద కండ్లు, ముక్కు గీసుకున్నది అవ్వా. ఇయ్యాళ్టికి ఉండనీ."

"కోడికి కండ్లు ముక్కు పంచాయితి లేదు. తే" అని గౌరవ్వ గంప చాపింది. తర్వాత అర దాకా వచ్చి, ఆ ఒక్క పెంకు మాత్రం దంచకుండా గూట్లో పెట్టింది.

ఆమె సంచి విప్పి చిప్పలు తీసినప్పుడు ఒక వాసన వచ్చింది అక్కా. ఇదివరకు వంద సార్లు విప్పి ఉంటుంది, నాకెప్పుడూ తెలియలేదు. తడి గోడలా, ఉప్పులా, ఇంకేదో. నోట్లో నీళ్ళు ఊరాయి. ఆమె అటు తిరగగానే వేలిగోరంత ముక్క నోట్లో వేసుకున్నాను. పళ్ళ కింద పటుక్కుమంది. ఆ చప్పుడు అర అంతా వినపడిందేమో అనిపించి దగ్గాను.

బడిలో బలపం కొరికి తింటున్నానని నువ్వు నా నెత్తిన మొట్టావు, గుర్తుందా? అంతకన్నా బాగుంది. అది రాయడానికే సిగ్గుగా ఉంది.


బండి వెళ్ళిన 9వ రోజు

అత్తమ్మకు కూడా చెప్పనిది నీకు చెప్తున్నాను. నాకు రెండు నెలలు దాటింది.

ఇక్కడ కడుపు నిలిచిందని తెలిస్తే అందరినీ కూడలికి పిలిచి ఒడిచిప్ప పోస్తారు. ఒడిబియ్యం లాగానే, కానీ సోలెడు చిప్ప. అది నూరుకొని కాన్పు దాకా గంజిలో కలుపుకొని తాగాలి. పోయినేడు నాకూ పోశారు. నూట పది మంది ముందు కొంగు చాపి నిలబడ్డాను. నాలుగో నెలలో కడుపు పోయింది. మిగిలిన చిప్ప మళ్ళీ నేనే మోసుకుపోయి కూడలిలో ఒప్పజెప్పాలి, అది పద్ధతి. ఊరిపెద్ద కొమురయ్య సోలతో కొలిచి, "సరే బిడ్డా" అన్నాడు. ఆ కొలిచిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అందుకే ఈసారి ఐదో నెల దాకా ఎవరికీ చెప్పకూడదు అనుకున్నాను. చెబితే చిప్ప నాకే ఇస్తారు, దొంగతనంగా తినే పని లేదు. అది తెలిసీ చెప్పలేక, రోజూ గుప్పెడు కొంగున కట్టుకొని తింటున్నాను. మేత కలిపేటప్పుడు, కోళ్ళ పెంట ఎత్తేటప్పుడు, నడిచేటప్పుడు. మా ఆయనతో మాట్లాడేటప్పుడు నోరు కడుక్కొని మాట్లాడుతున్నాను.


బండి వెళ్ళిన 13వ రోజు

సోల నిండటం లేదు. గౌరవ్వ దంచి డబ్బాలో పోసి ఇస్తుంది. నేను తిన్నంత తినడమే కాక, రేపు దొరకదేమో అన్న భయంతో కొంత తీసి గుడ్డ మూటల్లో కట్టి జొన్న డబ్బా వెనక దాస్తున్నాను. ఎందుకు దాస్తున్నానో నాకే తెలియదు. మూటలు అక్కడ ఉన్నాయని తెలిస్తే గానీ నిద్ర పట్టడం లేదు.

ఈరోజు సోల మూడొంతులే ఉంది. గౌరవ్వ వచ్చి చూస్తుందేమోనని భయం వేసింది. ఇంటికి పోయి నువ్వు పంపిన ఇసుక తెచ్చి ఆ వెలితి నింపాను. తెలుపులో తెలుపు కలిసిపోయింది. కోళ్ళు పొడుచుకు తిన్నాయి. చుక్కల కోడి, అదే నా చేతి గాజులు పొడిచే కోడి, అందరికన్నా ముందు తింది.


బండి వెళ్ళిన 19వ రోజు

ఇప్పుడు సోలలో సగం ఇసుకే.

ఈరోజు గంపలో చేయి పెడితే మెత్తగా తగిలింది. గుడ్డుకు పెంకు లేదు, పలచని తోలు ఉంది. వేలు నొక్కితే సొట్ట పడింది. పదిహేడు గుడ్లలో నాలుగు అలాంటివి, ఇంకో ఐదు తీస్తుంటేనే చిట్లాయి.

గౌరవ్వ ఒక తోలుగుడ్డును అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. "గిదేందే, గిట్లున్నది" అని, తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. అజొల్లా పచ్చిగా పెట్టావా, ఎండబెట్టి పెట్టావా? పురుగుల పొడి ముక్క వాసన వస్తోందా? దీపాలు ఎంతసేపు వెలుగుతున్నాయి? ఏదైనా కోడి భయపడిందా? అన్నిటికీ జవాబు చెప్పాను. "చిప్ప సోలెడు పడుతున్నదా?" అంది. "పడుతోంది" అన్నాను.

సోల నిండుగానే ఉంది కదా అని మనసులో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె నా మాట నమ్మి అజొల్లా పెంచింది, దీపాలు అరగంట ఎక్కువ వెలిగించమని కొమురయ్యను అడిగింది. ఇంట్లో మా ఆయన, "మెత్తగుంటే ఏమాయె, పెంకు ఒలిచే పని తప్పింది" అని నవ్వాడు. ఆయన గాలి గొట్టాల పనిలో దుమ్ము కొట్టుకొని వస్తాడు, నవ్వితే పళ్ళొక్కటే తెల్లగా కనిపిస్తాయి. నేను నవ్వలేదు. నోరు తెరవడానికి భయం.


బండి వెళ్ళిన 25వ రోజు

నిన్నంతా రాయలేకపోయాను.

మొన్న చుక్కల కోడి కూలబడింది. లేపితే కాళ్ళు చాపేసింది. మేత దగ్గరికి రెక్కల మీద పాకుతోంది. గౌరవ్వ దాని రొమ్ము ఎముక తడిమి, "మేతల గోడ లేకపోతే ఇది తన ఎముకలు కరిగించి గుడ్డుకు గోడ కడతది. ఇగ కరిగియ్యనీకె ఏం లేదు దీని దగ్గర" అంది. అలా ఉండి కూడా ఆ పొద్దున గుడ్డు పెట్టింది. తోలుగుడ్డు.

నిన్న కొమురయ్య వచ్చి దాన్ని కోయించాడు, రోగమేమైనా ఉందేమో చూద్దామని. చుట్టూ పది మంది చేరారు, అత్తమ్మ కూడా ఉంది. కందనకాయ చీల్చగానే నల్ల గులకరాళ్ళ మధ్య తెల్లగా మెరిసింది. "చిప్పనే గదా" అన్నారు ఎవరో. కొమురయ్య దాన్ని కడిగి, గిన్నెలో వేసి, పుల్లటి సిర్కా పోశాడు. చిప్ప అయితే బుసబుస పొంగాలి. అది కదలకుండా అడుగున పడి ఉంది.

"ఇసుక" అన్నాడు.

నేరుగా గౌరవ్వ దంచే చోటికి పోయాడు. గూట్లో కండ్లు, ముక్కు గీసిన పెంకు పక్కన నేనిచ్చిన ఇసుక డబ్బా ఉంది. అది తీసి ఆమె ముందు పెట్టాడు.

"గిది నీదేనా?"

"నాదే."

"చిప్పల కలిపినవా?"

గౌరవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. నా ముఖం కాదు, నా కొంగు ముడి చూసింది. తర్వాత కొమురయ్య వైపు తిరిగి, "కండ్లు కానొస్తలేవు పెద్దయ్యా. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకున్న. దంచేటప్పుడు ఏది పోసిన్నో ఏమో" అంది.

"ఏమో అంటవేంది? ముప్పై ఆరు కోళ్ళు. పిల్లల నోటికాడి కూడు."

"తప్పైంది."

నేను అక్కడే ఉన్నాను అక్కా. ఆమెకు ఆరడుగుల దూరంలో. నా నోట్లో అప్పుడు కూడా ఒక ముక్క ఉంది. నమలకుండా, మింగకుండా, నాలుక కింద పెట్టుకొని నిలబడ్డాను.

ఈరోజు కూడలిలో తీర్పు చెప్పారు. రోకలి తీసేసుకున్నారు. రేపటి నుంచి గౌరవ్వ కింది అంతస్తులో నాచు తొట్ల దగ్గర పని చేయాలి. మనకు గాలి ఇచ్చే నాచు అది. మోకాళ్ళ దాకా చల్లటి నీళ్ళలో నిలబడి గీకాలి. వయసులో ఉన్న మగవాళ్ళే రెండు నెలలు చేసి మొర పెట్టుకుంటారు. ఆమెకు డెబ్బై దాటాయి.

ఇంటికి వచ్చి చూస్తే నువ్వు పంపిన ఇసుక డబ్బా గట్టు మీద లేదు. అత్తమ్మ నా వైపు చూడకుండా, "ఇయ్యాళ్టి సంది గిన్నెలు బట్టతోని తుడువు" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆమె అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.


బండి వెళ్ళిన 27వ రోజు

గౌరవ్వ పని దిగి వచ్చే వేళకు కింది మెట్ల దగ్గర నిలబడ్డాను. చీర అంచు తడిసి కాళ్ళకు అంటుకుపోయి ఉంది. కాళ్ళు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి మెట్టు మీద కూర్చుంది.

నేను ఏదో మొదలుపెట్టాను. మధ్యలోనే ఏడుపు వచ్చింది.

"ఎన్నో నెల?" అంది.

నేను వేళ్ళు చూపించాను.

"తెల్సు. నీ పండ్లు తెల్లగ మెరుస్తుంటే అప్పుడే అనుకున్న. సంచి విప్పిననాడు దగ్గినవు గదా, నాకు చెవుడు లేదే." కాళ్ళు రుద్దుకుంటూ అంది. "నలుగురిని కన్న. నాలుగు కాన్పులప్పుడు చిప్ప తిన్న. దంచుడు నా చేతుల పనే గదా, ఎవరు చూస్తరు? మీ అత్త నర్సింలును మోసినప్పుడు, రోజు నా కాడికొచ్చి కొంగు చాపేది. ఆమెగ్గూడ అంతకుముందు రెండు పోయినయి. కూడలిల నిలవడుడు ఇష్టం లేక."

నర్సింలు అంటే మా ఆయన. నేను నోరు తెరుచుకొని చూశాను.

"అయితే తప్పు కాదా అవ్వా?" అన్నాను. ఎంత ఆశగా అడిగానో నాకే తెలుసు.

"తిన్నది తప్పు కాదు. లోపలున్నది అడిగింది, నువ్వు తిన్నవు. నేను తిన్ననాడు, 'జెర తక్కువున్నది, నూక తగ్గించి పెట్టు, కొన్ని గుడ్లు తక్కువొస్తయి' అని మేత కలిపేదానికి చెప్పుకున్న. తక్కువుంటే తక్కువని చూపియ్యాలె. నువ్వు సోల నింపినవు." ఆమె గొంతు పెరగలేదు. "ఇసుక పోసుడే తప్పు. కోడి నీ చెయ్యి నమ్మి తిన్నది."

నేను ఇప్పుడే పోయి కొమురయ్యకు చెప్తాను అన్నాను.

"చెప్తే ఈ తొట్లల నువ్వు నిలవడాలె. ఈ నీళ్ళల నిలవడితే నీ కడుపుల ఇది గూడ ఉండదు. నా కడుపుల ఇప్పుడు ఏం లేదు, పోనీకె." లేచి నిలబడటానికి నా భుజం పట్టుకుంది. "దాచింది ఎంతున్నది?"

"ఏడు మూటలు."

"ఒక్కటి నువ్వుంచుకో. ఆరు కోళ్ళకు పెట్టు. కొత్తగ దంచేటోనికి తెలివి లేదు, ముక్కలు పెద్దగ ఉంచుమను. పొడి అయితే తొందరగ కరిగిపోతది. చిన్న ముక్క కడుపుల ఆగి, గుడ్డుకు గోడ కట్టే యాళ్ళకు అందుతది. మాపటిమేతల పెట్టు, పొద్దుగాల కాదు."

ఆ మెట్ల మీద తడి కాళ్ళతో నిలబడి కూడా ఆమె నాకు మేత గురించే చెప్పింది.


బండి వెళ్ళిన 31వ రోజు

ఏడు మూటలూ కోళ్ళకే పెట్టాను. మేత పాళ్ళు గౌరవ్వ చెప్పినట్టే పెడుతున్నాను. పురుగుల పొడి కొంచెం తగ్గించి, ఆకు పెంచి, చిప్ప ముక్కలు మాపటి మేతలో. ఇంకో కోడి కూలబడేలా ఉంటే దాన్ని విడిగా పెట్టి చేత్తో తినిపిస్తున్నాను.

నాకు ఇంకా నోరు ఊరుతూనే ఉంది. గోడకు నాలుక ఆనించి చూశాను ఒకసారి. నల్లరాయికి ఏ రుచీ లేదు.


బండి వెళ్ళిన 36వ రోజు

ఇది రాయకుండా ఉంటే బాగుండు.

మొన్న ఇరవై ఒక్క గుడ్లు వచ్చాయి, అన్నీ గట్టివే. ఊరంతా సంతోషం. నేను చెప్పకుండానే కనిపెట్టిన అత్తమ్మ, అదే అదను చూసి, నేను కడుపుతో ఉన్న సంగతి కొమురయ్య భార్యకు చెప్పేసింది. నన్ను అడగలేదు. ఈరోజు కూడలికి పిలిచారు. కోళ్ళు కోలుకున్నాక పెట్టిన మొదటి గుడ్డు, దానితో పాటు సోలెడు ఒడిచిప్ప నాకు ఇస్తామన్నారు.

కొంగు చాపి నిలబడ్డాను. కొమురయ్య సోల నింపి, చేత్తో పైన చదును చేసి, నా ఒడిలో పోశాడు. బరువుగా తగిలింది. ఆ వాసన వచ్చింది. తర్వాత ఉడకబెట్టిన గుడ్డు చేతిలో పెట్టాడు. "ఈ పిల్ల చెయ్యి పడ్డది, కోళ్ళు తేరుకున్నయి" అన్నాడు అందరితో. "ముసల్ది చెడగొట్టింది, ఈమె నిలబెట్టింది."

గౌరవ్వ వెనక వరుసలో ఉంది. తడి అంచు పిండుకుంటోంది.

అప్పుడు నేను అన్నాను అక్కా. నిజంగా అన్నాను. "నేనే తిన్నాను. ఇసుక పోసింది నేనే" అని. కానీ నా గొంతు నీకు తెలుసు కదా. అది పక్కనే ఉన్న అత్తమ్మ దాకా పోయి ఆగిపోయింది.

"ఏమంటున్నది బిడ్డ?" అని కొమురయ్య అడిగాడు.

అత్తమ్మ నా మోచేతి పైన గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అందరికీ వినిపించేలా, "ఒడిచిప్పల సగం గౌరవ్వకు పంపుమంటున్నది. ముసలామె కాళ్ళు నొస్తున్నయట, గంజిల కలుపుకొని తాగుతదట" అంది.

ఆడవాళ్ళు "అయ్యో" అన్నారు. పెంకు మీద బొమ్మ గీసిన పిల్ల తల్లి కళ్ళు తుడుచుకుంది. "తనను ముంచినదానికి గూడ పెట్టుమన్నది, ఏం మనసు" అని ఒకావిడ నా గడ్డం పట్టుకుంది. కొమురయ్య తన చేత్తో సగం చిప్ప తీసి గౌరవ్వ కొంగులో పోశాడు. "ఇగో, ఈ పిల్లను చూసి నేర్చుకో" అన్నాడు ఆమెతో. డెబ్బై ఏళ్ళ మనిషితో, నన్ను చూసి నేర్చుకోమని.

గౌరవ్వ తల వంచి, "నేర్చుకుంట పెద్దయ్యా" అంది.

మళ్ళీ అరిచి చెప్పి ఉండవచ్చు. అరవలేదు. అందరూ చూస్తున్నారు, గుడ్డు తినమన్నారు. తిన్నాను. పెంకు చేతిలో పెట్టుకొని ఇంటికి వచ్చి, ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోకుండా కడిగి ఆరబెట్టాను.


బండి వెళ్ళిన 38వ రోజు

నిన్న మా ఆయనకు చెప్పాను. మొత్తం చెప్పాను, గౌరవ్వ అత్తమ్మ గురించి అన్నది తప్ప. అది ఆయనకు చెప్పడం నా పని కాదు.

ఆయన చేతుల దుమ్ము రుద్దుకున్నాడు. తర్వాత, "నీకు తినబుద్ధైతే నాకొక మాట చెప్పరాదే? నన్ను గూడ ఊరోళ్ళ లెక్కనే చూస్తివా?" అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

నేను నోటితో చెప్పలేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ పొద్దున మేత పెట్టాక, మేత పుస్తకం తీసి ఈరోజు పేజీలో రాశాను. జొన్న ఐదు పాళ్ళు, పురుగు పొడి రెండు పాళ్ళకు కొంచెం తక్కువ, ఆకు ఒకటిన్నర, చిప్ప సోల. గుడ్లు ఇరవై రెండు. దాని కింద ఇలా రాశాను: "బండి వెళ్ళిన పదమూడో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు దాకా చిప్పలో ఇసుక కలిపింది భూలక్ష్మి. సోల తక్కువైందని కనబడకుండా కలిపింది. గౌరవ్వ కలపలేదు. ఆమెకు రోకలి తిరిగి ఇవ్వండి. తొట్లలో నేను నిలబడతాను, కాన్పు అయ్యాక అయినా, ఇప్పుడే అయినా. భూలక్ష్మి."

మేత పుస్తకం నలభై రోజులకు ఒకసారి కూడలిలో చదువుతారు, బండి వెళ్ళిన మర్నాడు. కొమురయ్యే చదువుతాడు. ఆయన గొంతు గట్టిది. వెనక వరుస దాకా వినిపిస్తుంది.

పేజీ చింపేయాలని రెండు సార్లు అనిపించింది. పుస్తకం మీద రాయి పెట్టి వచ్చాను.


బండి వచ్చే రోజు

బండి దుమ్ము కనిపిస్తోందని గొట్టాల మీద నుంచి మా ఆయన కేక వేశాడు. ఈ కాగితాలు మడిచి ఇచ్చేస్తాను. నువ్వు ఇది చదివేటప్పటికి ఇక్కడ పుస్తకం చదవడం అయిపోయి ఉంటుంది. నేను కోళ్ళ దగ్గర ఉంటానో, తొట్ల దగ్గర ఉంటానో నాకు తెలియదు. కడుపుతో ఉన్నదాన్ని నీళ్ళలోకి దించరని మా ఆయన అంటున్నాడు. దించినా నేను ఎదురు చెప్పను. అత్తమ్మకు ఇంకా తెలియదు. రేపు అందరితో పాటు కూడలిలో నిలబడి వింటుంది.

ఒకటి అడుగుతాను, కాదనకు. మా గుమ్మటంలో నిప్పు రాజేయనివ్వరు, మీకు గాజు కాల్చే కొలిమి ఉంది. చదవడం అయిపోగానే ఈ కాగితాలన్నీ అందులో వేసెయ్యి. నా తప్పు దాచడానికి కాదు, అది పుస్తకంలో ఉంది. మెట్ల మీద గౌరవ్వ తన గురించి, మా అత్తమ్మ గురించి చెప్పిన మాటలు ఇందులో ఉన్నాయి. అవి నేను రాయకూడదు, కానీ ఎవరితోనైనా పంచుకోకుండా ఉండలేకపోయాను. బావకు కూడా చదివి వినిపించకు. మళ్ళీ ఇసుక పంపకు.

కొలిమి తలుపు తీసినప్పుడు నీ చేత్తో నువ్వే వెయ్యి అక్కా. ఎవరికీ ఇచ్చి వేయించకు. చివరి కాగితం బూడిదయ్యే దాకా అక్కడే నిలబడు.

నీ చెల్లెలు
భూలక్ష్మి